“కిందటి దసరాకే కొన్నామండి”: వస్తువు కొన్న తేదీ సంగతులు

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకావిడ అడిగిన ప్రశ్న ఇది. అమ్మాయి బీటెక్‌లో చేరినప్పుడు కొన్న ల్యాప్‌టాప్ స్క్రీను మీద గీతలు పడ్డాయి. 2025 దీపావళి మర్నాడు సర్వీస్ సెంటరుకి తీసుకెళ్తే, వారంటీ అక్టోబరు 11తో అయిపోయింది, పది రోజులు ఆలస్యంగా వచ్చారు అన్నారు. వాళ్లాయన దసరాకి కొన్నామంటారు, ఈవిడ కాదు దీపావళికంటారు. బీరువాలోంచి బిల్లు తీసి చూస్తే తెల్లకాగితం. ఇంట్లో ఇంకా నాలుగు ఫోన్లు, ట్యాబు, ఇయర్‌బడ్స్, ఇన్వర్టరు ఉన్నాయట, ఒక్కదాని తేదీ కూడా తెలియదట. ఇవన్నీ గుర్తుపెట్టే మంచి యాప్ ఏదైనా చెప్పమన్నారు.

అమ్మా, యాప్ సంగతి తరవాత. ముందు మీరు ఇవాళే ఆ కొన్న షాపుకి వెళ్లండి. కిందటేడు, అంటే 2024లో, దసరా అక్టోబరు 12, దీపావళి అక్టోబరు 31. మీవారి మాట నిజమైతే సర్వీస్ సెంటరు లెక్క సరిపోయింది. మీ మాట నిజమైతే ఈ అక్టోబరు 30 దాకా వారంటీ ఉన్నట్టే, ఇంకా వారం పైనే టైముంది. వాళ్ల కంప్యూటర్లో కనిపించే తేదీ మీరు కొన్న తేదీయే కానక్కర్లేదు. సరుకు కంపెనీ నుంచి బయల్దేరిన తేదీయో, మెషీను మొదటిసారి ఇంటర్నెట్టుకి తగిలిన తేదీయో కూడా అయ్యుండొచ్చు. సరైన బిల్లు చూపిస్తే ఆ తేదీ మార్చే ఏర్పాటు చాలా కంపెనీల్లో ఉంది, అడగాలంతే.

బిల్లు చెరిగిపోయింది కదా అంటారేమో. మీ కాపీ చెరిగింది, షాపువాళ్లది చెరగదు. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కల కాగితాలు వాళ్లు ఆరేళ్లు దాచాలి. ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు. మీ మొబైల్ నెంబరు చెబితే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో రెండు నిమిషాల పని. కౌంటర్లో కుర్రాడు “పాత బిల్లులు రావండీ” అంటే వెనక్కి వచ్చేయకండి, లోపల అకౌంట్స్ చూసే ఆయన్ని అడగండి. ల్యాప్‌టాప్ అడుగున స్టిక్కరు మీదున్న సీరియల్ నెంబరు ఫొటో తీసి పట్టుకెళ్లండి. డూప్లికేట్ బిల్లు మీద ఆ నెంబరు పడిందో లేదో చూసుకున్నాకే షాపు మెట్లు దిగండి. నెంబరు లేని బిల్లు చూస్తే సర్వీస్ సెంటరువాళ్లు మళ్లీ నసుగుతారు.

ఇక మిగతాది తీరిగ్గా చెబుతాను. మాది విజయవాడ గవర్నర్‌పేటలో చిన్న సర్వీసింగు షాపు. నాన్న రేడియోలు బాగుచేసేవారు, నేను టీవీలతో మొదలుపెట్టి ఇప్పుడు ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల దాకా వచ్చాను. పాతికేళ్లుగా బల్ల అవతల నుంచి నాకు రోజూ వినపడే మాట, “మొన్నీమధ్యే కొన్నామండి”. ఆ మొన్నీమధ్య అనేది ఆరు నెలలు కావచ్చు, నాలుగేళ్లు కావచ్చు. అబద్ధం చెప్పరు పాపం, నిజంగానే అలా అనిపిస్తుంది. డబ్బు ఎంత ఎక్కువ పెడితే అంత దగ్గర్లో కొన్నట్టు గుర్తుంటుంది, ఇది నా సొంత పరిశీలన.

అసలు చిక్కు ఎక్కడంటే, మనం తేదీలు గుర్తుపెట్టుకోం, పండగలు గుర్తుపెట్టుకుంటాం. దసరా ఆఫర్లో టీవీ, ఉగాదికి ఫ్రిజ్జు, సంక్రాంతికి అల్లుడికి ఫోను. సంక్రాంతి ఒక్కటే ఇంచుమించు తేదీ తప్పకుండా వస్తుంది. మిగతావన్నీ తిథిని బట్టి జరుగుతాయి. కంపెనీవాడి వారంటీకి తిథి లేదు. 2024 దసరా అక్టోబరు 12 అయితే 2025 దసరా అక్టోబరు 2. ఇలా ముందుకి జరిగిన ఏడాది పర్వాలేదు, పండక్కి గుర్తొచ్చినా పది రోజులు చేతిలో ఉంటాయి. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది. దసరా అక్టోబరు 20కి పోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గిందని మా ఏలూరు రోడ్డులో, బీసెంట్ రోడ్డులో జనం ఎగబడి కొన్నారు. వాళ్లలో సగం మంది “దసరాకి ఏడాది కదా” అనుకుంటూ కూర్చుంటే, వచ్చే పండగనాటికి వారంటీ పోయి రెండు వారాల పైనే అయి ఉంటుంది. ఈ టీవీ కొన్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే ఇప్పుడే లేచి తేదీ రాసుకోండి.

బిల్లు తెల్లకాగితం ఎందుకయిందో చెప్తాను. ఆ చిన్న రోలు కాగితంలో సిరా ఉండదు. కాగితం మీదే రసాయనం పూత ఉంటుంది, ప్రింటరు వేడి తగిలిన చోట నల్లబడుతుంది, అంతే. ఎండ, వేడి, చేతి నూనె, ప్లాస్టిక్ కవరు, ఇవన్నీ దాన్ని మెల్లగా తినేస్తాయి. జాగ్రత్తగా ప్లాస్టిక్ ఫైల్లో దాచినవాళ్ల బిల్లే తొందరగా పోవడం నేను చాలాసార్లు చూశాను. స్కూటరు డిక్కీలో పెట్టి మరిచిపోతే మా బెజవాడ మే నెల ఎండకి చెప్పనే అక్కర్లేదు. ఇవన్నీ తెలిసిన నేనే ఒకసారి మా పిన్ని ఫోను బిల్లుని “గట్టిగా ఉంటుంది కదా” అని లామినేషను చేయించాను. మెషీన్లోంచి ఇవతలికి వచ్చేసరికి కాగితం మొత్తం బొగ్గులా నల్లగా వచ్చింది. వేడికి నల్లబడే కాగితాన్ని వేడి రోలర్ల మధ్య పెడితే ఇంకేమవుతుంది? పిన్ని ఇప్పటికీ ఇంటికొచ్చిన వాళ్లకి ఆ కార్డు తీసి చూపిస్తుంది.

కాబట్టి బిల్లు చేతికి రాగానే, ఇంటికి వెళ్లాక కాదు, షాపు కౌంటరు మీదే పెట్టి ఫొటో తీయండి. ఆ తరవాత ఇంకొక్క పని. నా మటుకు నాకు అసలైన పని ఇదే: వస్తువు మీద తేదీ రాసేయండి. పర్మనెంట్ మార్కరు, తెల్ల టేపు ముక్క, అంతకన్నా ఏం అక్కర్లేదు.

ఇది నాన్న దగ్గర నేర్చుకున్నది. అప్పట్లో రేడియోకి పోస్టాఫీసులో ఏటా లైసెన్సు కట్టాలి, దానికో పుస్తకం ఉండేది కాబట్టి ఏ రేడియో ఎప్పటిదో ఇంట్లో తెలిసేది. నాన్న దానితో ఆగేవారు కాదు. వెనక అట్ట విప్పితే లోపల చెక్క మీద పెన్సిలుతో వరసగా ఉండేవి, ఏ వాల్వు ఏ రోజు మార్చింది, ఎంత తీసుకున్నది. ఇరవయ్యేళ్ల తరవాత ఆ రేడియో మళ్లీ మా బల్ల మీదికి వస్తే దాని జాతకం దాని కడుపులోనే ఉండేది.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు ఆ పెన్సిలు రాతల విలువ నాకు మళ్లీ తెలిసొచ్చింది. సింగ్‌నగర్ నుంచి ఒక కుటుంబం, నీళ్లు తీశాక, ఇంట్లో సామానంతా ఆటోలో వేసుకొచ్చారు. బిల్లులన్నీ బీరువా కింది అరలో ఒకే ఫైల్లో దాచారు. ఆ ఫైలు నా బల్ల మీద పెడితే తడిసిన రొట్టెలా ఉంది. విప్పబోతే పొరలు పొరలుగా ఊడి వచ్చేసింది. ఒక్క అక్షరం లేదు. ఇన్సూరెన్సు ఉన్న ఇల్లే అది, ఏది ఎప్పుడు ఎంతకి కొన్నారో రాసివ్వాలి. ఆ సామానంతటిలో తేదీ దొరికింది ఒక్క ఇన్వర్టరు బ్యాటరీకే. బిగించిన కుర్రాడు మూత మీద మార్కరుతో తేదీ రాసిపెట్టాడు. బురద తుడిస్తే కొత్తగా రాసినట్టు కనిపించింది. ఫోను మాత్రం వాళ్లబ్బాయి జేబులో ఉంది కాబట్టి బతికింది, దాంట్లో బిల్లుల ఫొటోలు లేవు.

ఎక్కడ రాయాలంటే: ల్యాప్‌టాప్‌కి అడుగున గాలి రంధ్రాలకి దూరంగా. ఫోనుకి పౌచ్ లోపలి వైపు. చార్జరుకి పిన్నులున్న వైపు. టీవీకి వెనక స్టిక్కరు పక్కన. ఇయర్‌బడ్స్ డబ్బీ చిన్నది, అడుగున నెల, సంవత్సరం చాలు. తేదీ, ధర, షాపు పేరు, అంతే. మా ఇంట్లో మిక్సీ జారు కింద కూడా ఉంటుంది, మా ఆవిడ నవ్వుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఒక వస్తువుకి తేదీ ఒకటి కాదు. తయారైన నెల, మీరు కొన్న రోజు, మొదటిసారి ఆన్ చేసిన రోజు, ఆ మోడల్ బజారులోకి వచ్చిన రోజు. ఇవి నాలుగూ వేరువేరు. వారంటీకి బిల్లు తేదీ కావాలి. ఫోనుకి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఎన్నేళ్లొస్తాయో లెక్క మాత్రం మోడల్ విడుదలైన రోజు నుంచి. ఏడేళ్లు ఇస్తామన్న ఫోనుని విడుదలైన మూడేళ్లకి తగ్గింపు ధరకి కొంటే మీకు మిగిలేది నాలుగేళ్లే. మంచి బేరం అనుకుని చాలామంది అక్కడే మోసపోతారు. బ్యాటరీకి మళ్లీ తయారీ నెల ముఖ్యం, గోడౌన్లో పడున్నా అది ముసలిదవుతూనే ఉంటుంది. డబ్బా మీద తయారీ నెల, సంవత్సరం ఉండాలని ప్యాకేజీ నిబంధన, కొనేముందు అది చదవండి. ఏడాది దాటిందయితే ఇంకో పీసు అడగండి.

ఫోను విషయంలో ఇంకో మాట. సీలు తీసిన రోజే కంపెనీ సైట్లో వారంటీ చూసుకోండి. బిల్లు ఇవాళ్టిది, సైట్లో మాత్రం రెండు నెలల కిందటే మొదలైనట్టు చూపిస్తే ఆ పీసు అంతకుముందే ఎవరో ఆన్ చేశారన్నమాట. అప్పటికప్పుడే షాపులో తేల్చుకుంటే పనవుతుంది. ఏడాది తరవాత అడిగితే ఎవరూ పలకరు. పాత ఫోను కొనేటప్పుడయితే స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్, అంటే *#06# కొట్టి వచ్చిన 15 అంకెల ఐఎంఈఐ నెంబరుని, అంటే ఏ ఫోనుకి ఆ ఫోనుకే ఉండే గుర్తింపు నెంబరుని, సంచార్ సాథీ అనే ప్రభుత్వ సైట్లో చూడండి. ఇంగ్లీషులో కేవైఎం (KYM) అని కొట్టి, ఖాళీ వదిలి, ఆ నెంబరు వేసి 14422కి మెసేజ్ పంపినా వివరాలు వస్తాయి. ఫోను పోయినప్పుడు బ్లాక్ చేయించాలన్నా అక్కడ ఇదే నెంబరు అడుగుతారు, బిల్లు కాపీ కూడా. పోయాక *#06# కొట్టడానికి ఫోను ఉండదు కదా. ఈ ఒక్క కారణానికైనా నెంబరు ఫోనులో కాకుండా ఇంకెక్కడైనా రాసి ఉండాలి.

ఇప్పుడు మీ ఇంట్లో మిగతా వస్తువుల తేదీలు తవ్వే పని. పెద్ద కష్టం కాదు, ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు. ఆన్‌లైన్లో కొన్నవాటికి ఆర్డర్ల పేజీలో బిల్లు అలాగే ఉంటుంది, ముందు అవి దింపేసుకోండి. వాయిదాల మీద కొన్నవాటికి ఫైనాన్సు కాగితాల్లో తేదీ, చాలావరకు ఐఎంఈఐ కూడా ఉంటాయి. మొదటి వాయిదా ఎప్పుడు కట్టారో చూసి దాని వెనక నెల వెతకండి. కార్డు, యూపీఐ అయితే బ్యాంకు స్టేట్‌మెంట్లో షాపు పేరు వెతకండి. నగదు ఇచ్చి కొన్న ఫోనుకి నేను వాడే చిట్కా: ఆ ఫోనుతో తీసిన మొట్టమొదటి ఫొటో. కొత్త ఫోను చేతికొస్తే షాపు బయటే ఒక ఫొటో తియ్యనివాళ్లని నేను చూడలేదు. ఫొటో వివరాల్లో తేదీతోపాటు ఫోను మోడల్ పేరు కూడా ఉంటుంది కాబట్టి పాత ఫోనులోంచి వచ్చిన ఫొటోలతో కలగలవదు. ల్యాప్‌టాప్‌లో అయితే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి సిస్టమ్‌ఇన్ఫో (systeminfo) అని కొడితే విండోస్ ఎక్కించిన తేదీ చూపిస్తుంది. మధ్యలో ఫార్మాట్ చేసినా, పెద్ద అప్‌డేట్ వచ్చినా మారిపోతుంది, దాన్ని గట్టిగా నమ్మకండి. ఇలా దొరికినవి మీకు ఆధారాలు, వారంటీకి రుజువులు కావు. నెల తేలితే షాపులో అసలు బిల్లు వెతికించడం తేలికవుతుంది, వాటి ఉపయోగం అదీ.

చిరిగిన బిల్లు ముక్క దొరికి సంవత్సరం కనబడకపోతే పన్ను చూడండి. వ్యాట్ అని ఉంటే 2017 జులైకి ముందుది. ఫోను మీద జీఎస్టీ 12 శాతం ఉంటే 2020 ఏప్రిల్‌కి ముందుది, 18 ఉంటే ఆ తరవాతది. షాపు జీఎస్టీ నెంబరు 37తో మొదలైతే మన రాష్ట్రంలో కొన్నది, 36 అయితే తెలంగాణలో, బహుశా హైదరాబాదులో, ఎప్పుడో కొన్నారన్నమాట. ఒక ముసలాయన ట్యాబు “మా అబ్బాయి ఇక్కడే కొన్నాడు” అని పంతం పడితే ఇలాగే తేల్చాను.

యాప్ అడిగారు కదా. వద్దంటాను. నేనూ రెండు మూడు వాడి చూశాను. మొదటి వారం ఉత్సాహంగా అన్నీ ఎక్కిస్తాం, ఫోను మారినప్పుడు అది రాదు, లేదా కంపెనీయే మూసేస్తుంది. ఏ ఫోను తేదీ కోసం యాప్ పెట్టుకున్నామో ఆ ఫోనుతోపాటే యాప్ పోతే ఏం లాభం? మీకు మీరే ఒక మెయిల్ పంపుకోండి. సబ్జెక్టులో “బిల్లు, అమ్మాయి ల్యాప్‌టాప్, 31 అక్టోబరు 2024” అని, లోపల సీరియల్ నెంబరు, ధర, బిల్లు ఫొటో. పదేళ్ల తరవాత “బిల్లు” అని వెతికితే అన్నీ వరసగా వస్తాయి. వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోవడం కూడా జరుగుతుందిగానీ, బ్యాకప్ సరిగ్గా లేకపోతే ఫోను మారినప్పుడు గల్లంతు. దీనికి తోడు ఒక లాంగ్ నోట్‌బుక్, ఇంట్లో అందరికీ తెలిసిన చోట. గ్యాసు పుస్తకం పక్కన పెట్టండి, అది మాత్రం ఏ ఇంట్లోనూ పోదు. ఫోను క్యాలెండర్లో కొన్న రోజు నుంచి పదకొండో నెలకి ఒక గుర్తు పెట్టుకోండి. ఆ రోజు వస్తువుని ఒకసారి పూర్తిగా చూడాలి: అన్ని పోర్టులు, స్పీకర్లు, కెమెరా, చార్జింగు. చిన్న లోపాలకి అలవాటు పడిపోతాం మనం. “కొంచెం వంచి పెడితే చార్జ్ అవుతుంది” అని ఏడాదంతా వంచి పెట్టి, పదమూడో నెలలో నా దగ్గరికి వస్తారు.

వారంటీ కాగితం మీద సన్న అక్షరాలు కూడా ఆ నోట్‌బుక్‌లోకి ఎక్కించండి. చాలా బ్రాండ్లలో ఫోనుకి ఏడాదైతే డబ్బాలో వచ్చిన చార్జరుకి ఆరు నెలలే. ఏసీకి, ఫ్రిజ్జుకి ఇది తిరగబడుతుంది, మొత్తానికి ఏడాది, కంప్రెసరుకి పదేళ్ల దాకా. ఏడాది దాటగానే బిల్లు పారేసి, ఏడో ఏట కంప్రెసరు పోతే తల పట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. వారంటీలో వస్తువు మార్చి కొత్తది ఇస్తే మళ్లీ ఏడాది మొదలవుతుందనుకోకండి, మామూలుగా పాత తేదీయే నడుస్తుంది. అప్పుడు సర్వీస్ సెంటరువాళ్లిచ్చే కాగితం, అదే జాబ్‌షీటు, కూడా ఫొటో తీయాలి, ఎందుకంటే ఇప్పుడు మీ బిల్లు మీద నెంబరు వేరు, చేతిలో వస్తువు నెంబరు వేరు. వారంటీ ఉండగానే కంపెనీవాడు బాగుచేయనంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలంటే సమస్య తలెత్తిన రోజు నుంచి రెండేళ్ల గడువు, అక్కడ కూడా మొదట అడిగేది బిల్లే. మీవారికి సొంత వ్యాపారం ఉండి కంప్యూటరు ఖర్చు చూపించేట్టయితే ఇంకో లెక్క: కొన్న ఆర్థిక సంవత్సరంలో 180 రోజులకన్నా తక్కువ వాడితే తరుగు 40 శాతం బదులు 20 శాతమే వస్తుంది. మీ ఆడిటరు తేదీ అడిగేది అందుకే.

అసలు నన్నడిగితే తేదీ ఎక్కువ పనికొచ్చేది వారంటీ అయిపోయాకే. బల్ల మీద వస్తువు పెట్టి “బాగుచేస్తారా, కొత్తది కొనమంటారా” అని అడిగితే నేను తిరిగి అడిగేది వయసు. రెండేళ్ల ల్యాప్‌టాప్‌కి స్క్రీను మార్చడం దండగ కాదు. ఏడేళ్లదానికి, అందులోనూ కొత్త విండోస్ ఎక్కనిదానికి, 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు కూడా అయిపోయింది కాబట్టి, నేను డబ్బులు తీసుకోను, తిప్పి పంపిస్తాను. మూడేళ్ల ఫోనుకి చార్జింగు నిలవట్లేదంటే బ్యాటరీ వయసైపోయిందంతే, ఎనిమిది నెలల ఫోనుకి నిలవట్లేదంటే వేరే జబ్బు వెతకాలి. ఒకటే లక్షణం, తేదీని బట్టి వైద్యం మారిపోతుంది. “మొన్నీమధ్యే” అంటే నేనేం చెయ్యను చెప్పండి.

మీ ఇన్వర్టరు సంగతి విడిగా చెప్పాలి, మీ జాబితాలో నెల నెలకీ డబ్బు తేడా వచ్చేది అదొక్కటే. బ్యాటరీ కార్డు మీద 36+24 లాంటి అంకెలు ఉంటాయి. మొదటి 36 నెలల్లో పోతే ఉచితంగా కొత్తది. తరవాతి 24లో పోతే ఎన్ని నెలలు గడిచాయో చూసి ధరలో కొంత తగ్గించి ఇస్తారు. 35వ నెలలో అడగడానికి, 37వ నెలలో అడగడానికి వేల రూపాయల తేడా. మీది ఎండాకాలంలో త్వరగా దిగిపోతోందని కూడా రాశారు, అందుకని షాపు నుంచి రాగానే ఆ కార్డు వెతకండి. కార్డు లేకపోతే బ్యాటరీ మీద చెక్కిన కోడ్ ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. ఏ నెలలో తయారైందో దాన్నిబట్టి చూద్దాం. ల్యాప్‌టాప్ బిల్లు మీద ఏ తేదీ వచ్చిందో కూడా రాయండి. మీవారిదో మీదో ఒకరి మాట నెగ్గాలి కదా.